చిత్రకారుల సహవాసము

ఫ్రాన్సు దేశమునకు పారిసు నగరము రాజధాని. పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున ఆ నగరమునందు చిత్రకారుడై బ్రతుకదలచిన ప్రతి యువకుడును ఒకే యొక ద్వారముకడ నిలువవలసి యుండెను. ఆ ద్వారము పేరు సలోను. అది ప్రభుత్వ పోషణమున జరుగు గొప్ప చిత్రకళా ప్రదర్శనము. దానికి వేలకొలది చిత్రములు వచ్చుచుండెడివి. వానిలో గోడకెక్కదగిన వేవి, తిప్పి పంపదగిన వేవి యని నిర్ణయించుటకు పెద్దల మండలి యొకటి యుండెను. మండలి మెచ్చిన చిత్రమును లక్షలాది జనులు చూచెడివారు, పత్రికలవారు దానిని గూర్చి వ్రాసెడివారు, ధనికులు కొనెడివారు. మండలి త్రోసిపుచ్చిన చిత్రమునకు వెనుకవైపున, 'తిరస్కృతము' అను అర్థమునిచ్చు ఫ్రెంచి పదములోని మొదటి యక్షరమును ముద్రవేసి పంపుచుండిరి. ఆ ముద్ర పడిన పటమును కొనుటకు జనులు జంకెడివారు.

మండలిలోని పెద్దలకు పురాణగాథలు, రాజుల యుద్ధములు, కుంచె జాడ తెలియని నునుపైన పనితనము ఇష్టము. అట్లు వ్రాసినదే చిత్రమని వారి నమ్మకము. అయితే ఆ కాలపు యువకులు కొందరికి కన్నులయెదుట నున్న లోకము ముద్దుగా తోచెను. నదీజలముమీద తళతళలాడు ఎండ, రైలుబండి విడుచు పొగ, మంచు కప్పిన పల్లెబాట, పొలము గట్టున నడచు రైతు — వీనిని ఆరుబయట నిలిచి, వెలుగు మారకమునుపే వడివడిగా చిత్రింపవలెనని వారి కోరిక. అట్టి చిత్రములు మండలికి అసంపూర్ణములుగా కనబడెను.

1862వ సంవత్సరమున గ్లేర్ అను చిత్రకారుని శిక్షణశాలలో నలుగురు యువకులు కలసికొనిరి. వారిలో క్లాడ్ మోనే సముద్రతీరమందలి హావ్ర్ పట్టణమున పెరిగినవాడు. ఒగ్యూస్త్ రెన్వా దర్జీ కుమారుడు. బాల్యమందే పింగాణి పాత్రలమీద పూవులు చిత్రించి కూలి తెచ్చుకొన్నవాడు. ఆల్‌ఫ్రెడ్ సిస్లీ ఆంగ్లేయ దంపతుల బిడ్డ. ఫ్రెడెరిక్ బజీల్ దక్షిణదేశమున మోంపెల్యే పట్టణమునకు చెందిన సంపన్నుల కుమారుడు. వైద్యవిద్య నభ్యసించుటకై పారిసు చేరి, ఆ చదువుకంటె కుంచెయే ప్రియమని తెలిసికొన్నవాడు. వీరికి పిమ్మట మరికొందరు తోడైరి. కరేబియను సముద్రములోని సెయింట్ థామస్ ద్వీపమున పుట్టిన కామిల్ పిస్సారో అందరిలో పెద్దవాడు. పాల్ సెజాన్ ఎక్స్ పట్టణమునుండి వచ్చిన మొండిపట్టుదల గలవాడు. పుట్టుకలో, సంపదలో, స్వభావములో వీరికి పోలికలేదు. పోలికయంతయు వారి యాకాంక్షయందే యుండెను.

వీరిలో బజీల్ చేతనిండ ధనమున్నవాడు. ఆ ధనమైనను తలిదండ్రులు నెలనెలకు పంపునదే. అయినను అతడు తన చిత్రశాలను తనకొరకే దాచుకొనలేదు. ఒకప్పుడు మోనేకును, మరియొకప్పుడు రెన్వాకును అందు చోటిచ్చెను. అద్దె యొకటి, పొయ్యి యొకటి, చిత్రమునకు కూర్చుండు మనిషికిచ్చు కూలియు ఒకటే. మనుష్యుని కూర్చుండబెట్టుటకు డబ్బు లేనినాడు వారు ఒకరి నొకరు చిత్రించుకొనిరి. 1867లో రెన్వా, తన ఫలకముముందు వంగి కూర్చుండి పనిచేయుచున్న బజీల్ రూపమును చిత్రించెను. ఆ చిత్రము కథ ముందు తెలియగలదు.

ఆ యేటనే మోనే యొక పెద్ద చిత్రమును సలోనుకు పంపెను. తోటలో పూలు కోయుచున్న స్త్రీల చిత్రమది. ఎత్తున ఎనిమిది అడుగులకు పైబడిన పటము. దానిని ఆరుబయటనే వ్రాయవలెనని అతడు నేలలో కందకము త్రవ్వించి, పటమును అందులోనికి దించుచు, పైభాగమును చిత్రించెను. ఇంత శ్రమపడి వ్రాసిన చిత్రమును మండలి తిరస్కరించెను. మోనే చేతిలో చిల్లిగవ్వ లేదు. అప్పుడు బజీల్ ఆ చిత్రమును 2,500 ఫ్రాంకులకు తానే కొనెను. అంత సొమ్ము ఒక్కసారి ఈయజాలక నెలకు 50 ఫ్రాంకుల చొప్పున చెల్లించుటకు ఒప్పుకొనెను. దానమిచ్చిన మిత్రుడు చిన్నబుచ్చుకొనునేమో. వెలయిచ్చి కొన్నచో అతని కష్టమునకు గౌరవము దక్కును. అయితే కష్టకాలమున ఆ నెలసరి సొమ్ము చాలక మోనే ఇంకను ఇమ్మని మాటిమాటికి వ్రాయుట, బజీల్ నొచ్చుకొనుట కూడ జరిగెను. స్నేహమన్న తరువాత ఇట్టివి తప్పవు.

అదే సంవత్సరము ఈ మిత్రులకు ఒక యాలోచన తోచెను. సలోను తలుపు తెరువనిచో తామే యొక గది అద్దెకు తీసికొని తమ చిత్రములను తామే ఏల ప్రదర్శింపరాదు? అందరును కూడబెట్టి చూచిరి. 2,500 ఫ్రాంకులు మాత్రమే పోగయ్యెను. అది చాలలేదు. ఆలోచన ఆగిపోయెను గాని నశింపలేదు.

పగలంతయు పనిచేసి సాయంకాలమున వారు బాతిన్యోల్ ప్రాంతమందలి గెర్బ్వా అను కాఫీశాలలో చేరుచుండిరి. అచ్చట ఎడ్వార్ మానే పెద్దగా ఉండెడివాడు. మానే వేరు, మోనే వేరు. పేర్లు దగ్గరగా నున్నను వారిద్దరు వేర్వేరు చిత్రకారులు. ఎద్గార్ దెగా చురుకైన మాటలతో అందరిని కుదిపెడివాడు. నవలారచయిత ఎమీల్ జోలా, విమర్శకుడు ద్యురాంతీ కూడ వచ్చుచుండిరి. నీడలకు నిజముగా నల్లరంగేనా? ఆరుబయట వ్రాయుట మేలా, చిత్రశాలలో వ్రాయుట మేలా? ఇట్టి ప్రశ్నలమీద వాదములు రేగుచుండెను. ఒక్కొకప్పుడు వాదము ముదిరి కలహమయ్యెడిది. 1870 ఫిబ్రవరిలో ద్యురాంతీ పత్రికలో వ్రాసిన కొద్దిమాటలకు మానే కోపించి, ఇద్దరును కత్తులతో ద్వంద్వయుద్ధమునకు దిగిరి. ద్యురాంతీకి స్వల్పముగా గాయమయ్యెను. అంతటితో కోపము చల్లారి వారు మరల మిత్రులైరి. ఆ వాదములవలన తమ బుద్ధికి పదును కలిగెననియు, ఇంటికి పోవునప్పుడు మనస్సు దృఢపడుచుండెననియు మోనే ముసలితనమున తలచుకొనెను. పొగడ్తలు మాత్రమే వినిపించు చోట పదును పుట్టదు గదా.

1869 వేసవిలో మోనే కుటుంబమునకు తిండికి కరవయ్యెను. ఇంట రొట్టె లేదు, పొయ్యిలో నిప్పు లేదు, దీపమునకు నూనె లేదు. రెన్వా తానును బీదవాడే. తలిదండ్రుల ఇంట దొరకిన రొట్టెను జేబులో పెట్టుకొని వచ్చి మిత్రుని ఇంట పంచుచుండెను. అట్టి దినములలోనే వారిరువురు సేను నది యొడ్డున, గ్రెన్వియేర్ అను స్నానఘట్టముకడ, ప్రక్కప్రక్కన ఫలకములు నిలుపుకొని ఒకే దృశ్యమును చిత్రించిరి. నీటిపై వెలుగును చిన్నచిన్న రంగు తునకలుగా పరచు విధానమును అక్కడ ఒకరి ప్రక్క నొకరు నిలిచి కనుగొనిరి. ఆ చిత్రములను నేడును పండితులు ప్రక్కప్రక్కన పెట్టి పరిశీలించుచున్నారు.

1870 జూలైలో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము మొదలయ్యెను. మిత్రులు చెదరిపోయిరి. మోనే, పిస్సారో లండను చేరిరి. పిస్సారో విడిచిపోయిన ఇంట ప్రష్యా సైనికులు దిగి, అతడు ఏండ్ల తరబడి వ్రాసిన చిత్రములలో పెక్కింటిని పాడుచేసిరి. బజీల్ స్వచ్ఛందముగా సైన్యమున చేరెను. నవంబరు 28వ తేదీన బోన్-లా-రోలాండ్ గ్రామముకడ జరిగిన పోరులో అతడు మరణించెను. అప్పటికి అతనికి ఇరువదితొమ్మిదవ యేడు నిండలేదు. ఆ సంవత్సరమే అతడు తన చిత్రశాలను ఒక పటముపై చిత్రించి యుండెను. అందులో పొడవుగా నిలిచియున్న బజీల్ రూపమును మాత్రము మానే తన కుంచెతో వ్రాసెను. చిత్రశాల బజీల్‌ది, చిత్రము బజీల్‌ది, అతని ఆకారము మాత్రము మిత్రుని చేతిది.

యుద్ధము ముగిసిన పిమ్మట మిగిలినవారు మరల కూడిరి. ఈసారి ఊహలతో సరిపెట్టుకొనలేదు. 1873 డిసెంబరు 27వ తేదీన వారు ఒక సహకార సంఘమును స్థాపించిరి. నియమావళి వ్రాయు సందర్భమున పిస్సారో, తాను నివసించు పోంత్వాజ్ పట్టణమందలి రొట్టెలు కాల్చువారి సంఘపు నియమములను మాదిరిగా తెచ్చెను. చిత్రకారులకు రొట్టెలవారు గురువులగుట వింతగా తోచవచ్చును. కాని పిస్సారో ఆలోచన స్పష్టము: పనివారు తమ పనికి తామే యజమానులగు మార్గము ఎవరియొద్దనున్నను నేర్చుకొనవలసినదే. ఆ నియమములు మిక్కిలి కఠినములని రెన్వా అడ్డుచెప్పగా వానిని సులభము చేసిరి. సభ్యుడు ఏటికి 60 ఫ్రాంకులు చందా ఈయవలెను. అమ్మకములలో పదియవ వంతు సంఘమునకు చెందవలెను. అందరికిని సమానహక్కులు. ఎవరి చిత్రము ఎచ్చట వ్రేలాడవలెనన్న జగడము రాకుండ, పటములను పరిమాణమునుబట్టి వేరుచేసి చీట్లు వేయవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది — నిర్ణయించు పెద్దల మండలి ఉండరాదు.

మానే ఈ సంఘమున చేరలేదు. సలోనులోనే గెలువవలెనని అతని పట్టుదల. బెర్త్ మొరిసో అను యువతి మాత్రము వేరు త్రోవ త్రొక్కెను. ఆమె చిత్రములను సలోను అప్పటికే పలుమారులు అంగీకరించి యుండెను. తెరచియున్న తలుపును విడిచి, క్రొత్తవారితో కలియుటకు ఎంతయో ధైర్యము కావలెను. ఆమె ఆ ధైర్యము చూపెను.

1874 ఏప్రిల్ 15వ తేదీన, కాప్యుసీన్ వీధిలో, నదార్ అను ప్రసిద్ధ ఛాయాగ్రాహకుని పూర్వపు చిత్రశాలలో ప్రదర్శనము తెరచిరి. సుమారు 30 మంది చిత్రకారులు పాల్గొనిరి. పట్టికలో 165 పనులు చేరెను. ప్రవేశమునకు ఒక ఫ్రాంకు రుసుము. పగలు కూలిచేయువారును చూడగలుగుటకై రాత్రి పదిగంటలవరకు దీపములు వెలిగించి యుంచిరి. రెన్వా తమ్ముడు ఎద్మోన్ పట్టికను సిద్ధపరచుచు, మోనే చిత్రములకు పేర్లన్నియు ఒకే తీరున నున్నవని విసిగెను. హావ్ర్ రేవున పొగమంచులో ఉదయించు ఎఱ్ఱని సూర్యుని చిత్రమునకు పేరేమని యడుగగా, మోనే 'ఇంప్రెషన్' అని వ్రాయుమనెను. మనస్సుపై పడిన ముద్ర యని దాని భావము.

నెలదినములలో సుమారు 3,500 మంది వచ్చిరి. వారిలో పెక్కురు నవ్వుటకే వచ్చిరి. ఏప్రిల్ 25వ తేదీన షారివారి అను హాస్యపత్రికలో లూయీ లెరువా పరిహాసవ్యాసము వ్రాసెను. గోడలకు అంటించు రంగుకాగితము కూడ ఈ చిత్రముకంటె పూర్తియైనదే యని ఎగతాళి చేసి, మోనే పెట్టిన పేరునే పట్టుకొని వారందరిని 'ఇంప్రెషనిస్టులు' అని వెక్కిరించెను. తిట్టుగా పుట్టిన ఆ పేరే పిమ్మట వారికి బిరుదమయ్యెను.

ప్రదర్శనము ముగిసెను, లెక్కలు చూచుకొనిరి. డిసెంబరులో రెన్వా చిత్రశాలలో సభ్యులు సమావేశమైరి. ఒక్కొక్క సభ్యుడును 184 ఫ్రాంకుల 50 సాంతీములు ఈయవలసి యున్నట్లు తేలెను. సంపాదింపదలచి సంఘము కట్టినవారికి అప్పు మిగిలెను. అందరును ఒప్పుకొని సంఘమును రద్దుచేసిరి. మరుసటి సంవత్సరము మార్చిలో మోనే, రెన్వా, సిస్లీ, మొరిసో తమ చిత్రములను వేలమునకు పెట్టిరి. పరిహాసకుల అల్లరి అణచుటకు రక్షకభటులు రావలసివచ్చెను.

ఇచ్చట కథ ముగిసియున్నచో వారి పేరు నేడెవ్వరికిని తెలియదు. సంఘము రద్దయ్యెను గాని సహవాసము రద్దు కాలేదు. 1876లో వారు రెండవ ప్రదర్శనము జరిపిరి. దానికి మానే తనయొద్దనున్న యొక చిత్రమును ఎరువిచ్చెను. అది రెన్వా వ్రాసిన బజీల్ చిత్రమే. యుద్ధమున కుమారుని కోల్పోయిన తండ్రి ఆ చిత్రమును చూచెను. వంగి పనిచేయుచున్న బిడ్డ రూపము అతని కన్నులయెదుట నిలిచెను. ఆ చిత్రము తనకు కావలెననెను. బదులుగా, ఒకప్పుడు బజీల్ నెలకు 50 ఫ్రాంకుల చొప్పున కొన్న తోటస్త్రీల చిత్రమును మానేకు ఇచ్చెను. పిమ్మట అది మోనే చేతికే తిరిగి వచ్చెను.

బజీల్ విడిచిన స్థానమును గుస్తావ్ కైబోత్ అను మరియొక సంపన్న యువకుడు నింపెను. అతడును చిత్రకారుడే. మిత్రుల పటములను కొనెను. మోనే చిత్రశాలకు అద్దె చెల్లించెను. 1877 నాటి మూడవ ప్రదర్శనమునకు గృహమును ఏర్పాటుచేసెను. ఇరువదియెనిమిదవ యేటనే మరణశాసనము వ్రాసి, తన చిత్రసంగ్రహమును దేశమునకు ఇచ్చెను. 1894లో అతడు మరణించినపుడు, ప్రభుత్వము మిక్కిలి తర్జనభర్జన చేసి, వానిలో సుమారు నలువది చిత్రములను మాత్రమే గ్రహించెను.

మిత్రులలో కలహములు లేకపోలేదు. తమతో ప్రదర్శించువాడు సలోనుకు చిత్రము పంపరాదని దెగా పట్టుపట్టెను. బ్రతుకుతెరువు కొరకు రెన్వా, పిమ్మట మోనే మరల సలోనుకు పంపిరి. 1886వరకు మొత్తము ఎనిమిది ప్రదర్శనములు జరిగెను. ఎనిమిదింటను పాల్గొన్నవాడు పిస్సారో ఒక్కడే. అతడు తనకు తెలిసినది దాచుకొనని వాడు. 1872లో సెజాన్ పోంత్వాజ్ చేరినపుడు తన చిత్రము నొకదానిని ఎరువిచ్చి ప్రతి వ్రాసికొననిచ్చెను. ఆ యిద్దరును ఒకే పల్లెదారులలో కలసి చిత్రించిరి. పేరుప్రతిష్ఠలు కలిగిన పిమ్మట కూడ సెజాన్, ప్రదర్శనపు పట్టికలో తన పేరుప్రక్కన 'పిస్సారో శిష్యుడు' అని వేయించుకొనెను.

1886లో దురాన్ రుయేల్ అను వర్తకుడు వీరి చిత్రములను సుమారు మూడువందలవరకు న్యూయార్కు నగరమునకు కొనిపోయెను. అచ్చట వారికి ఆదరము లభించెను. నెమ్మదిగా స్వదేశమునందును కన్నులు తెరువబడెను. అందరికిని భాగ్యము కలుగలేదు. సిస్లీ 1899లో దారిద్ర్యముననే మరణించెను. కాని 1867లో మండలి త్రోసిపుచ్చిన తోటస్త్రీల చిత్రమును 1921లో ఫ్రెంచి ప్రభుత్వమే 2,00,000 ఫ్రాంకులిచ్చి మోనేయొద్ద కొనెను. నేడది పారిసులోని ఓర్సే మ్యూజియమున నున్నది. మిత్రుడు నెలనెలకు చెల్లించిన 50 ఫ్రాంకులు ఊరక పోలేదు.

విద్యార్థులారా! చిత్రము వ్రాయునపుడు కుంచె పట్టునది ఒక్క చేయియే. కవిత్వమైనను, సంగీతమైనను అంతే. ఆ పనిని మిత్రులు మనకు మారుగా చేయలేరు. కాని ఆకలినాడు రొట్టె తెచ్చువాడు, తప్పును ముఖముననే చెప్పువాడు, తనకు తెలిసినది దాచక నేర్పువాడు, లోకము నవ్వునపుడు ప్రక్కన నిలుచువాడు దొరకిన కళాకారుడు మరునాడు మరల కుంచె పట్టగలడు. ఆ చిత్రకారుల సంఘము ఏడాదికే మూతపడెను. వారి చెలిమి వ్రాయించిన చిత్రములు నేటికిని చూపరుల కన్నులకు ఎండవెలుగును పంచుచున్నవి.

ప్రశ్నలు

1. సలోను మండలి తిరస్కరించిన చిత్రకారునకు కలుగు నష్టమేమి?
2. మోనే చిత్రమును బజీల్ కొన్న విధమును, అందలి మర్యాదను వివరింపుము.
3. సంఘపు నియమములలో నీకు మేలైనదిగా తోచినది ఏది? ఏల?
4. బజీల్ తండ్రి ఏ చిత్రమునిచ్చి ఏ చిత్రమును పుచ్చుకొనెను? కారణమేమి?
5. సంఘము రద్దైనను సహవాసము రద్దు కాలేదనుటకు పాఠమునుండి మూడు నిదర్శనములు చూపుము.